ఏడో తరగతిలో కొత్తగా చేరిన రెఫ్యూజీ పిల్లాడు, మూడు రోజుల సస్పెన్షన్: టీచర్లెవరైనా ఉంటే చెప్పండి

లెక్కలటీచర్
15 నవంబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఒహాయోలో ఒక పబ్లిక్ స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్తాను, జే-1 (ఎక్స్‌ఛేంజ్) వీసా మీద వచ్చాను, ఇది రెండో ఏడాది. అక్టోబర్ మొదట్లో నా నాలుగో పీరియడ్‌లోకి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్లది కాంగో, కానీ వాడు పుట్టిందీ పెరిగిందీ టాంజానియాలోని న్యారుగుసు శరణార్థి శిబిరంలో. ఫైల్లో పుట్టిన తేదీ జనవరి 1, వయసు పదమూడు అని ఉంది, అంతే. పాత మార్కుల కాగితం ఒక్కటి కూడా లేదు. ఇంట్లో మాట్లాడేది స్వాహిలీ.

క్లాసులో నోరు విప్పడు. పేరు పిలిస్తే లేచి నిలబడతాడు, ఇక్కడెవరూ అలా లేవరు కదా, మిగతావాళ్లు నవ్వుతారు. వర్క్‌షీట్ ఇస్తే సగం ఖాళీగా తిరిగిస్తాడు, రాసిన సగంలో కూడా కామాలు ఎక్కడపడితే అక్కడ. తప్పు కొట్టేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నాలుగు వారాలు అలాగే కొట్టుకుంటూ పోయాను.

ఇక అసలు సంగతి. నిన్న కెఫెటేరియా లైన్లో తోపులాట జరిగింది. ముందు తోసింది ఇంకో అబ్బాయి, తెల్లపిల్లాడు, నేను కళ్లారా చూశాను. వాడికి వార్నింగ్. మావాడికి మూడు రోజుల సస్పెన్షన్. ఆఫీసుకి పంపేటప్పుడు రాసే రిఫరల్ కాగితంలో కారణం ‘అవిధేయత’ అని రాశారు. ఏంటా అవిధేయత అని అడిగితే, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కళ్లలోకి చూడకుండా కిందికి చూస్తున్నాడట. తల దించుకుంటే మర్యాద అని నేర్చుకుని పెరిగినదాన్ని, నాకు ఒళ్లు మండింది, కానీ అక్కడ ఒక్క మాట అనలేదు. కాంట్రాక్టు ఏటేటా రెన్యూ అయ్యే బతుకు.

తోటి టీచర్లేమో ‘వాడు స్లో, స్పెషల్ ఎడ్‌కి పంపించెయ్’ అంటున్నారు, అంటే వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక చదువుకి. బుధవారం వాడు తిరిగొస్తాడు. నేనేం చెయ్యాలి?

ఈఎస్‌ఎల్_అక్క
15 నవంబర్, రాత్రి 10:15

నేను మిన్నెసోటాలో 14 ఏళ్లుగా ఈఎస్‌ఎల్ (ఇంగ్లీష్ మాతృభాష కాని పిల్లలకి ఇంగ్లీష్) చెప్తున్నా. సోమాలీ పిల్లలు, బర్మా నుంచి వచ్చిన కరెన్ పిల్లలు, ఈమధ్య ఆఫ్ఘన్ పిల్లలు, అందర్నీ చూశాను. నీ సస్పెన్షన్ గొడవ తర్వాత మాట్లాడదాం చెల్లీ, ముందు ఆ వర్క్‌షీట్లు చెత్తబుట్టలో పడేయలేదు కదా? ఉంటే తీసి మళ్లీ చూడు.

ఎందుకంటే న్యారుగుసులో కాంగో పిల్లల బడులు కాంగో సిలబస్‌తోనే నడుస్తాయి, పాఠం ఫ్రెంచ్‌లో. ఫ్రెంచ్‌లో లెక్కలు నేర్చుకున్నవాళ్లు దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. మనం 3.75 అని రాసేది వాళ్లు 3,75 అని రాస్తారు. నువ్వు తప్పు కొట్టిన కామాలు అవేనేమో చూడు. అంకెలూ అంతే: 7కి నడుం మీద గీత పెడతారు, 1కి అంత పొడుగు తోక పెడతారు కాబట్టి మనకది 7 లాగా కనిపిస్తుంది. ఆఫ్ఘన్ పిల్లలైతే అసలు అంకెలే వేరు, వాళ్ల సున్నా ఒక చుక్క. నేను మొదటి ఏడాది ఒక పాప పేపర్లో సున్నాలన్నీ ఇంకు మరకలనుకున్నాను.

స్పెషల్ ఎడ్‌కి పరిగెత్తకు. మాట్లాడకపోవడం జబ్బు కాదు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని నెలలు వింటూ కూర్చుంటారు, దాన్ని సైలెంట్ పీరియడ్ అంటాం. జిమ్ కమిన్స్ అని కెనడాలో ప్రొఫెసర్, ఈయన 1979లోనే ఒక తేడా చెప్పాడు: ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీష్ రెండేళ్లలో వస్తుంది, పుస్తకం చదివి అర్థం చేసుకుని రాసే ఇంగ్లీష్‌కి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మనవాళ్లు రెండు వైపులా తప్పు చేస్తారు. నోరు విప్పకపోతే మొద్దు అంటారు, గడగడా మాట్లాడితే ‘వీడికి ఇంగ్లీష్ వచ్చేసిందిగా’ అని సాయం ఆపేస్తారు. ఈ రెండోదే ఎక్కువ ముంచుతుంది, ఎందుకంటే పైకి కనిపించదు.

ఇద్దరుపిల్లలతండ్రి
15 నవంబర్, రాత్రి 11:02

ఎవరూ ఏమనుకోకపోతే ఒక మాట. నేను టీచర్‌ని కాదు, టెక్సాస్‌లో ఉంటాను, మా పెద్దాడు కూడా ఏడో తరగతే. ఈ పిల్లల మీద జాలి లేక కాదు. కానీ ముప్ఫై మంది క్లాసులో టీచర్ ఒక్కడి దగ్గర కూర్చుంటే మిగతా ఇరవై తొమ్మిది మంది సంగతేంటి? మేము ఈ స్కూల్ చూసుకునే ఇల్లు కొన్నాం. రెండోది, ప్రతిదానికీ రేస్ రేస్ అంటారు. తోసుకుంటే శిక్ష పడుతుంది. మనవాళ్లు ఏ సపోర్టూ లేకుండానే వచ్చి చదువుకుని పైకి రాలేదా?

పసుపుబస్సు
15 నవంబర్, రాత్రి 11:20

తండ్రిగారూ, ‘ఏ సపోర్టూ లేకుండా’ అన్నచోట నాకు నవ్వొచ్చింది, మన్నించాలి. మనం డిగ్రీ కాగితాలు ఫోల్డర్‌లో పెట్టుకుని, ఎయిర్‌పోర్టులో ఎవరో ఒకరు కారుతో నిలబడితే దిగినవాళ్లం. నేను ఏడేళ్లుగా స్కూల్ బస్సులో ఎయిడ్‌గా చేస్తున్నా, టీచర్ రానిరోజు అప్పుడప్పుడు సబ్‌గా (బదులు టీచర్‌గా) కూడా పిలుస్తారు. బస్సులో చూసినంత నిజం క్లాసులో కనపడదు. మా రూట్‌లో ఒక పాప, ఏ దేశమో చెప్పను, మొదటి రెండు నెలలు సీటు మీద కూర్చునేది కాదు, సీటుకీ సీటుకీ మధ్య కింద కూర్చునేది, బ్యాగు నెత్తిన పెట్టుకుని. డ్రైవర్ రోజూ మైకులో అరిచేవాడు ‘సీట్లో కూర్చో’ అని. ఒకరోజు రైల్వే గేటు దగ్గర బస్సు ఆగి తలుపు తెరుచుకుంది (ఇక్కడ అది రూలు, డ్రైవర్ తలుపు తీసి రైలు చప్పుడు వినాలి), పాప గజగజా వణికిపోయింది. బస్సు ఆపి ఎవరో ఎక్కుతారనుకుంది. ఆ తర్వాత నేను వెళ్లి పక్కన కింద కూర్చున్నా. ఒళ్లు నొప్పులు తప్ప నాకేం పోలేదు. మూడో వారానికి సీటెక్కింది.

లా_చదివినోడు
16 నవంబర్, ఉదయం 8:05

లెక్కలటీచర్ గారూ, మీరు ఒహాయోలో ఉన్నారు కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది. 1975లో సుప్రీంకోర్టు ఇచ్చిన గాస్ వర్సెస్ లోపెజ్ తీర్పు మీ రాష్ట్రానిదే, కొలంబస్ స్కూళ్ల మీద పిల్లలు వేసిన కేసు. పది రోజుల్లోపు సస్పెన్షన్ అయినా సరే, నీ మీద ఆరోపణ ఇదీ అని పిల్లాడికి చెప్పాలి, వాడు కాదంటే ఆధారం ఏంటో చెప్పి వాడి వైపు కథ వినాలి. ఇంగ్లీష్ రాని పిల్లాడికి ఇంగ్లీష్‌లో చెప్పి, వాడు కిందికి చూస్తే అవిధేయత అని రాస్తే, విన్నట్టా? ఆ గదిలో స్వాహిలీ తెలిసినవాళ్లు ఎవరున్నారు అని అడగండి చాలు, ఇంకేం వాదించక్కర్లేదు.

స్పెషల్ ఎడ్ విషయం కూడా చట్టంలోనే ఉంది. ఇంగ్లీష్ రాకపోవడమో, ఇంతకుముందు సరైన చదువు అందకపోవడమో అసలు కారణమైతే ఆ పిల్లాణ్ని వైకల్యం ఉన్నట్టు లెక్కగట్టకూడదు. అలాగని, నిజంగా సమస్య ఉన్న పిల్లాణ్ని ‘ముందు ఇంగ్లీష్ రానీ’ అని మూడేళ్లు ఆపడం కూడా తప్పే, అదీ జరుగుతుంది.

తండ్రి గారికి: ఒకే పుస్తకం, ఒకే టీచర్, ఒకే గది ఇచ్చేస్తే సమానత్వం అయిపోయిందనే వాదన పాతదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లల విషయంలో స్కూళ్లు అదే అన్నాయి. 1974లో లౌ వర్సెస్ నికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అర్థంకాని భాషలో అదే పాఠం చెప్పడమంటే పాఠం చెప్పకపోవడమే అని తేల్చింది. ఆ తీర్పుకి ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం. కాబట్టి ఇది టీచర్ గారి దయ కాదు, ఆ పిల్లాడికి రావలసినది.

ఇంకో ముక్క. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఏంటని ఏ పిల్లాణ్నీ అడగకండి, ఆసక్తి కొద్దీ కూడా. 1982 నాటి సుప్రీంకోర్టు ప్లైలర్ తీర్పు ప్రకారం కాగితాలు లేని పిల్లలకి కూడా బడిలో చోటివ్వాలి, కాబట్టి మీకు ఆ సమాచారంతో పనే లేదు.

లెక్కలటీచర్
16 నవంబర్, మధ్యాహ్నం 1:30

అక్కా, పొద్దున్నే స్కూల్ బ్యాగులోంచి కాగితాలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ఏడుపొచ్చింది.

కామాలు మీరు చెప్పినవే. పన్నెండు లెక్కల్లో తొమ్మిది కరెక్ట్, తొమ్మిదికీ నేను ఎర్ర ఇంకు పెట్టాను. భాగహారం చూడండి: 864ని 12తో భాగించమంటే వాడు 864 ఎడమవైపు రాసి, పక్కన నిలువు గీత గీసి, గీతకి కుడివైపు 12 రాసి, దాని కింద అడ్డగీత, ఆ కింద 72 రాశాడు. మధ్యలో తీసివేతలు మనసులోనే చేసేసుకుని శేషాలు మాత్రం రాశాడు. నేనేమో పక్కవాడి దగ్గర జవాబు చూసి ఏదో పిచ్చి బొమ్మ గీశాడనుకున్నా. పక్కన ‘నీ స్టెప్స్ చూపించు’ అని రాశాను! వాడు చూపించాడు, నాకే చదవడం రాలేదు.

ఇంకోటుంది. డబ్బు లెక్క: జేబులో ఐదు క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు), మూడు డైములు (పది సెంట్లవి) ఉన్నాయి, మొత్తం ఎంత? వాడి జవాబు 5/4, తర్వాత ఖాళీ. ముందు అర్థం కాలేదు. పావు అనడానికి ఫ్రెంచ్‌లో కూడా అలాంటి పదమే ఉంటుందట కదా, క్వార్టర్ అంటే పావు అనుకుని ఐదు పావులు వేశాడు. ఒక డాలర్‌లో పావు కాబట్టి అది నిజంగానే కరెక్ట్, 1.25. డైమ్ అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు కాబట్టి అక్కడ ఆగిపోయాడు. నా క్లాసులో ఆ నాణేన్ని చేత్తో పట్టుకుని చూపించినవాళ్లెవరు? నేనైతే చూపించలేదు. నాకే ఇక్కడికొచ్చిన మొదటి నెల డైమ్ ఐదు సెంట్ల నికెల్ కంటే చిన్నగా ఉండి ఎక్కువ విలువెందుకో అర్థం కాలేదు, ఇంత తొందరగా మర్చిపోయాను.

కౌన్సిలర్‌గిరి
16 నవంబర్, సాయంత్రం 4:45

మీరు చూసుకున్నారు, చాలామంది చూసుకోరు, కాబట్టి ఏడవకండి. మిడిల్ స్కూల్ కౌన్సిలర్‌ని, నాకు తెలిసినవి కొన్ని.

బుధవారం వాడు రాగానే అందరి ముందు వెల్కమ్ బ్యాక్ అనకండి. రెఫ్యూజీ పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది పక్కవాళ్లలో కలిసిపోవడం. మా స్కూల్లో ఒక టీచర్ మంచి మనసుతోనే ఒక సిరియా అబ్బాయిని క్లాసు ముందు నిలబెట్టి ‘నీ ప్రయాణం గురించి చెప్పు’ అంది. వాడు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి మూడు రోజులు బడికి రాలేదు. వాడి కథ వాడిది, చెప్పాలనిపిస్తే చెప్తాడు, ఎవరికి చెప్పాలో కూడా వాడే ఎంచుకుంటాడు. ‘నా వేసవి సెలవులు’, ‘మా వంశవృక్షం’, ‘చిన్నప్పటి ఫోటో తెండి’ లాంటి అసైన్‌మెంట్లు ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి. మానెయ్యమనను, ఇంకో ఆప్షన్ ఇవ్వండి, అందరికీ ఇవ్వండి, వాడొక్కడికే ఇస్తే అదీ వేలెత్తి చూపినట్టే.

పుట్టినరోజు జనవరి 1 అని రాశారు. మీకు చాలామంది అలాంటివాళ్లు తగులుతారు, అసలు తేదీ కాగితం లేనివాళ్లకి ఆ తేదీ వేసేస్తారు. వయసు కూడా అటూ ఇటూ ఉండొచ్చు. జనవరి 1న కేక్ తెచ్చేముందు ఇంట్లో అడగండి.

ఫైర్ డ్రిల్, లాక్‌డౌన్ డ్రిల్ (ఎవరైనా దాడికొస్తే దాక్కోవడానికి చేయించే అభ్యాసం). దయచేసి ముందురోజు చెప్పండి, వాడి భాషలో చెప్పించండి. లైట్లార్పి తలుపేసి మూల కూర్చోమంటే ఆ పిల్లలకది డ్రిల్ కాదు. ఇది పెద్ద పనేం కాదు, ఒక చీటీ, ఒక ఫోన్ కాల్.

ఇంకో సంగతి, రీసెటిల్‌మెంట్ ఏజెన్సీ (శరణార్థులు ఇక్కడ కుదురుకోవడానికి సాయం చేసే సంస్థ) వాళ్లు అన్నీ చూసుకుంటారనుకోకండి. మొదట్లో ఇల్లు, సామాను, స్కూల్ అడ్మిషన్, టీకాలు వాళ్లే చూస్తారు, కానీ ఆ మొదటి విడత సాయం 90 రోజులే. అక్టోబర్ మొదట్లో బడిలో చేరాడంటే డిసెంబర్ చివరికల్లా తల్లిదండ్రులు రాత్రి షిఫ్టుల్లో ఉంటారు, వీడు తమ్ముళ్లని చూసుకుంటూ ఉంటాడు. హోంవర్క్ చెయ్యలేదని మార్కులు కోసేముందు అది గుర్తుంచుకోండి.

నల్లకళ్లద్దాలు
16 నవంబర్, రాత్రి 7:10

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, అట్లాంటా దగ్గర హైస్కూల్లో చరిత్ర చెప్తాను, నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. తండ్రి అంకుల్ ‘ప్రతిదానికీ రేస్’ అన్నారు కదా, దానికి.

ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ పౌరహక్కుల విభాగం లెక్క ప్రకారం 2017-18లో పబ్లిక్ స్కూళ్లలో నల్లజాతి పిల్లలు దాదాపు 15 శాతం. బడి నుంచి సస్పెండ్ అయినవాళ్లలో వాళ్ల వాటా 38 శాతం. వెంటనే ‘అల్లరెక్కువ చేస్తారేమో’ అంటారు, మా ఇంట్లోనే అంటారు, అందుకే ఇంకోటి కూడా చెప్తాను. ఇండియానా యూనివర్సిటీ రస్సెల్ స్కీబా బృందం 2002లో ఆఫీసుకి పంపిన కారణాలు చూసింది. తెల్లపిల్లల్ని పంపించేది కంటికి కనిపించే తప్పులకి: సిగరెట్ తాగడం, వస్తువులు పగలగొట్టడం, చెప్పకుండా బయటికి పోవడం. నల్లపిల్లల్ని పంపించేది చూసేవాళ్ల మనసులో ఉండే తప్పులకి: అమర్యాద, ఎక్కువ చప్పుడు, బెదిరించినట్టు ఉండటం. ఇప్పుడు ఆ కెఫెటేరియా కాగితం మళ్లీ చదవండి. ‘అవిధేయత’.

ఇంకో సంగతి మాట్లాడకపోతే ఈ చర్చ సగమే. ఆ పిల్లాడు శిబిరంలో ఉన్నప్పుడు కాంగో వాడు, వాళ్ల ఊరి భాష వాడు. ఇక్కడ విమానం దిగగానే ‘బ్లాక్’ అయిపోయాడు, ఆ పదం బరువేంటో వాడికింకా తెలీదు. మా స్కూల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లల్ని నల్ల అమెరికన్ పిల్లలు ఏడిపించడం చూశాను, అటు నుంచి ఇటు కూడా చూశాను. టీచర్లు దీన్ని ఇంకా పెంచుతారు. ‘చూడు, వీళ్లు శరణార్థులై వచ్చి కూడా ఎంత కష్టపడుతున్నారో, నీకేమైంది’ అని ఒక నల్ల అమెరికన్ పిల్లతో అనడం నా చెవులతో విన్నాను. ఒకే దెబ్బకి ఇద్దరు పిల్లలు. దయచేసి ఆ పోలిక ఎప్పుడూ తేవొద్దు.

మనవాళ్ల సంగతి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వం కుదరదంది. 1946లో ఆ అడ్డు తీసేశాక కూడా ఏడాదికి వంద మందికే కోటా. ఆ తలుపు బార్లా తెరిచింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం. దానికి ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది, ఎవరు దెబ్బలు తిని, ఎవరు జైళ్లకెళ్లి తెచ్చుకున్న చట్టం అది? మనం పైకొచ్చింది మన కష్టమే, కాదనను. నిచ్చెన మాత్రం మనం వెయ్యలేదు అంకుల్.

ఇద్దరుపిల్లలతండ్రి
16 నవంబర్, రాత్రి 8:50

సరే, నిచ్చెన మాట ఒప్పుకుంటాను, ఆ 1923 కేసు నాకు తెలీదు. కానీ నా మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇరవై తొమ్మిది మంది సంగతి?

ఈఎస్‌ఎల్_అక్క
16 నవంబర్, రాత్రి 9:30

న్యాయమైన ప్రశ్నే, చెప్తాను. ఒక్కడి దగ్గర గంటసేపు కూర్చోమని ఎవరూ అనట్లేదు. లెక్క పక్కన బొమ్మ వెయ్యడం, నాణేలు చేతికివ్వడం, పాఠం మొదట్లో ఐదు కొత్త మాటలు బోర్డు మీద రాసి పీరియడ్ అయ్యేదాకా చెరపకుండా ఉంచడం, చెప్పిన జవాబుతో పాటు రాసిన జవాబు, గీసిన జవాబు కూడా తీసుకోవడం. వీటివల్ల మీవాడికేం నష్టం? పైగా ఇంగ్లీష్ మాట్లాడే పిల్లల్లో కూడా సగం మందికి వర్డ్ ప్రాబ్లమ్‌లో ఏమడిగారో తెలీదు, తెలిసినట్టు తలూపుతారు అంతే.

రెండో మాట, ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టేటప్పుడు కొత్తవాడి పక్కన బాగా చదివే పిల్లని ‘సాయం చెయ్యమ్మా’ అని ఏడాది పొడుగునా కట్టేయొద్దు, అది ఆ పిల్లకి అన్యాయం. మార్చుతుండాలి. వాడు చెప్పగలిగే చోట వాణ్నే చెప్పనివ్వాలి. ఆ ఫ్రెంచ్ భాగహారం ఉంది చూడు చెల్లీ, దాన్ని బోర్డు మీద నువ్వే గీసి చూపించు, పేరు చెప్పకుండా, ‘ఇలా కూడా చేస్తారు, ఎందుకు పనిచేస్తుందో చెప్పండి’ అని. ఏడో తరగతికి అంతకంటే మంచి ప్రశ్న ఉండదు. వాడు చెయ్యెత్తుతాడో లేదో వాడిష్టం.

సిలబస్ మాత్రం తగ్గించొద్దు. జాలిపడి నాలుగో తరగతి కూడికలు ఇస్తుంటారు, రంగులెయ్యమని బొమ్మలిస్తుంటారు. పదమూడేళ్ల పిల్లాడికి క్రేయాన్లు! అదీ ఒకరకం చిన్నచూపే, నవ్వుతూ చేస్తాం కాబట్టి మనకి కనపడదు. భాష తేలిక చెయ్యి, లెక్క తేలిక చెయ్యకు.

పసుపుబస్సు
16 నవంబర్, రాత్రి 9:44

పేరు సరిగ్గా పలకడం కూడా రాయండి ఎవరైనా. మా స్కూల్లో ఒక అబ్బాయికి పలకడం కష్టమని ‘జే’ అని పేరు పెట్టేశారు. వాడు బస్సు దిగేటప్పుడు నేను పూర్తి పేరుతో పిలుస్తా, మొదట్లో నాకూ నాలుక తిరగలేదు, వాడే మూడుసార్లు దిద్దాడు. ఇప్పుడు రోజూ ముందు సీటు వాడిదే.

లా_చదివినోడు
17 నవంబర్, ఉదయం 7:30

టీచర్ గారూ, ఉద్యోగం భయం గురించి. వాదించకండి, ఎవర్నీ రేసిస్ట్ అనకండి, ఆ మాట రాగానే గదిలో చెవులు మూసుకుపోతాయి. చూసింది చూసినట్టు ఈమెయిల్ రాయండి: తేదీ, సమయం, ఎక్కడ నిలబడి చూశారు, ముందు ఎవరు తోశారు. చివర్లో ఒక్క విన్నపం: బుధవారం మీటింగ్‌కి స్వాహిలీ దుబాసీని ఏర్పాటు చెయ్యండి. తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో చెప్పడం స్కూల్ బాధ్యత, దానికి పిల్లల్ని, అక్కచెల్లెళ్లని వాడకూడదని న్యాయశాఖ, విద్యాశాఖ కలిసి 2015 జనవరిలోనే స్కూళ్లకి లేఖ రాశాయి. ఫోన్‌లో దుబాసీలు దొరుకుతారు, చాలా డిస్ట్రిక్టులు ఆ సర్వీసుకి డబ్బులు కట్టే ఉంటాయి, వాడటమే మర్చిపోతాయి.

లెక్కలటీచర్
20 నవంబర్ 2024, రాత్రి 8:20

ఈమెయిల్ పెట్టాను. పంపేముందు అరగంట స్క్రీన్ చూస్తూ కూర్చున్నా, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి.

ఇవాళ మీటింగ్ అయింది. దుబాసీని పెట్టలేదు. వాళ్ల నాన్న వచ్చారు, పక్కన ఆరో తరగతి చదివే కూతురు, పాప మాట చెప్తుందిలే అన్నారు. వైస్ ప్రిన్సిపాల్ రెండు నిమిషాలు మాట్లాడితే పాప రెండు ముక్కలు చెప్పింది. ఆయన తలూపారు, థాంక్యూ అన్నారు. నాకు అనుమానమొచ్చి, ఫోన్ దుబాసీని కలపండి, నేను లైన్లో ఉంటాను అన్నాను. పది నిమిషాలు పట్టింది. అప్పుడు తెలిసిందేంటంటే, సస్పెన్షన్ అంటే సెలవులిచ్చారని పాప ఇంట్లో చెప్పిందట, అన్నకి దెబ్బలు పడకూడదని. ఇంటికొచ్చిన ఉత్తరానికి వెనకవైపు అనువాదం ఉంది, స్పానిష్‌లో. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు, తీసి నాకే చూపించి ఇదేంటని అడిగారు.

పిల్లాడు మాట్లాడాడు. నేను విన్న మొదటి పూర్తి వాక్యం అదే, స్వాహిలీలో, ఫోన్లోంచి ఇంగ్లీష్‌లో వచ్చింది: నేను లైన్లో నా వంతు కోసం నిలబడ్డాను, వాడు తోశాడు, నా ట్రే పడకుండా ఆపుకోబోయి తగిలాను.

సస్పెన్షన్ మూడు రోజులు అయిపోయాయి, వెనక్కెలా ఇస్తారు. రికార్డులోంచి తీసేస్తామని అనలేదు, ‘నోట్ యాడ్ చేస్తాం’ అన్నారు. ఆ రెండో అబ్బాయి గురించి నేను ఎత్తితే ‘అది వేరే విషయం’ అన్నారు. స్పెషల్ ఎడ్ రిఫరల్ మాత్రం ఆగింది, ఆ భాగహారం కాగితం బల్ల మీద పెట్టాను.

నల్లకళ్లద్దాలు
20 నవంబర్, రాత్రి 9:05

నోట్ యాడ్ చేస్తారట. సరే. మీరొక పని చెయ్యండి, వచ్చే సెమిస్టర్‌లో మీ గ్రేడ్ టీమ్ మీటింగ్‌లో ‘అవిధేయత’ అనే కారణంతో ఎవరెవరు ఆఫీసుకి వెళ్లారో లెక్క అడగండి, పేర్లొద్దు, లెక్క చాలు. మేమడిగాం. ఆ కాగితం బల్ల మీదికి రాగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత రిఫరల్ కాగితంలో కారణం రాసే గడిలో అసలేం జరిగిందో ఒక వాక్యంలో రాయాలని రూలు పెట్టుకున్నాం. ‘కిందికి చూశాడు’ అని చేత్తో రాయాల్సొస్తే చాలామంది రాయడం మానేస్తారు.

ఇద్దరుపిల్లలతండ్రి
21 నవంబర్, ఉదయం 6:50

ఆ చొక్కా జేబు సంగతి చదివాక నిద్ర పట్టలేదండీ. మా డిస్ట్రిక్ట్‌లో ఉత్తరాలు ఎన్ని భాషల్లో వెళ్తున్నాయో పీటీఏ మీటింగ్‌లో అడుగుతాను. అన్నిటికీ ఒప్పుకున్నానని కాదు.

లెక్కలటీచర్
8 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 12:15

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, జవాబివ్వలేకపోయాను. చెప్పుకోదగ్గ సంగతి ఉంది, చెప్పుకోలేని సంగతి కూడా ఉంది.

డిసెంబర్‌లో బాగానే నడిచింది. భాగహారం బోర్డు మీద గీసిన రోజు వాడు చెయ్యెత్తలేదు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి ‘తీసివేతలు ఎక్కడ?’ అంటే, వాడు వేలితో కణత మీద రెండుసార్లు తట్టుకుని చూపించాడు. క్లాసంతా నవ్వింది, ఈసారి వాడూ నవ్వాడు. జనవరి మొదట్లో ఇద్దరు కుర్రాళ్లు ఫ్రెంచ్ పద్ధతిలోనే హోంవర్క్ చేసుకొచ్చారు, స్టెప్స్ తక్కువ రాయొచ్చని!

జనవరి 20న, శరణార్థుల్ని అమెరికాకి తెచ్చే రెఫ్యూజీ ప్రోగ్రాం ఆపేస్తూ ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చింది కదా. వాళ్ల పిన్నికీ, ఆమె ముగ్గురు పిల్లలకీ ఫిబ్రవరి మొదటి వారంలో టికెట్లున్నాయట, ఇల్లు కూడా చూసి పెట్టారట. రద్దయ్యాయి. ఏజెన్సీలో వాళ్ల కేస్ చూసే ఆవిడ ఉద్యోగం పోయింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. రెండు వారాలుగా పిల్లాడు మళ్లీ మాట మానేశాడు, పేరు పిలిస్తే మళ్లీ లేచి నిలబడుతున్నాడు. కౌన్సిలర్‌తో మాట్లాడాను. ఇంట్లో పరిస్థితి నేనేం మార్చలేను, అర్థమవుతోంది, కానీ రాత్రిళ్లు అదే తిరుగుతోంది బుర్రలో.

కౌన్సిలర్‌గిరి
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:00

మార్చలేరు. అడగొద్దు కూడా, పిన్ని సంగతి మీకు తెలుసన్నట్టు కూడా కనపడొద్దు వాడు చెప్పేదాకా. నాలుగో పీరియడ్ మాత్రం నిన్నటిలాగే ఉండాలి: అదే సీటు, బోర్డు మీద అవే ఐదు మాటలు, మీరు నవ్వే ఆ పాత జోకులే. ఇంట్లో అన్నీ కదిలిపోతున్నప్పుడు కదలనిది ఒకటుంటే అక్కడికొచ్చి కూర్చుంటారు పిల్లలు.

లా_చదివినోడు
8 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:25

ఇంకో జాగ్రత్త. స్కూళ్ల దగ్గర అరెస్టులకి వెళ్లకూడదన్న పాత ఇమ్మిగ్రేషన్ పాలసీని కూడా జనవరిలో ఎత్తేశారు. ఎవరైనా వచ్చి పిల్లల వివరాలడిగితే మీరు జవాబివ్వకండి, ఫ్రంట్ ఆఫీసుకి పంపండి. స్కూల్ రికార్డుల గోప్యత చట్టం 1974 నుంచీ ఉంది, అది ఎక్కడికీ పోలేదు. మీ స్కూల్‌లో ఆ బాధ్యత ఎవరిదో సోమవారమే కనుక్కోండి. వీసా మీద ఉన్నవాళ్లు కాబట్టి మీకూ మంచిది.

లెక్కలటీచర్
8 ఫిబ్రవరి, సాయంత్రం 5:40

కనుక్కుంటాను. సోమవారమే ఫైర్ డ్రిల్ కూడా ఉంది, మూడో పీరియడ్ చివర్లో. ఫోన్ దుబాసీతో స్వాహిలీలో చీటీ చెప్పించుకుని రాసుకున్నా, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆయనకే చదివి వినిపించాను. పోయినసారి డ్రిల్ ఉందని మాత్రమే రాశాను, వాడు పొద్దున్నుంచీ గంట కోసం చూస్తూ కూర్చున్నాడు. ఈసారి టైం కూడా రాశాను.